చీరల ఆల్బమ్‌కు నిలబడిన కోడలు

‘నవ్వమ్మా’ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఫోటో తీయించుకోవడానికి ఒక అమ్మాయి వచ్చిందంటే వెనకాలే వాళ్లమ్మో పిన్నమ్మో పక్కింటావిడో వస్తుంది. కెమెరా దగ్గర నేనొకదాన్ని ఉన్నాననే సంగతి మరిచిపోయి, నా భుజం మీదుగా మెడ చాచి, “నవ్వు పాపా, నవ్వు. యాల అట్ల మూతి బిగిచ్చుకోని ఉండావు?” అంటుంది. అంతే. అంతవరకు మామూలుగా ఉన్న మొహం చెక్కలా బిగుసుకుపోతుంది. పళ్లు కనబడతాయి. కళ్లల్లో మాత్రం ఇంజక్షన్ కోసం కూర్చున్నవాళ్ల భయం ఉంటుంది. ఆ ఫోటో ఇంటికి తీసుకుపోయి, “ఫోటో ఆయమ్మకు సరిగ్గా తీసేది రాదు” అని నా మీదే చెప్పుకుంటారు.

మా నాయనకు చిత్తూరులో స్టూడియో ఉండేది. కెమెరా పట్టుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పెళ్లయి తిరుపతికి వచ్చాక, ఒక మేడ మీద గది తీసుకుని నా స్టూడియో నేను పెట్టుకున్నాను. తొంభైల చివర్లో ఊళ్లో ఆడమనిషి ఫోటో తీసే చోటు వేరే ఉన్నట్టు నాకు తెలియదు. అందుకని పెళ్లిసంబంధాల ఫోటోలు, సీమంతాల ఫోటోలు నా దగ్గరికే వచ్చేవి. వాటితో పాటు పెత్తనాలూ వచ్చేవి. లైట్లు ఎక్కడ పెట్టాలో, అమ్మాయి ఎటు తిరగాలో, జడ ముందుకు వేయాలో వెనక్కి వేయాలో అందరికీ తెలుసు, నాకు తప్ప.

ఆ రోజుల్లోనే నగరి నుంచి ఒక చీరల వ్యాపారి వచ్చాడు. మరమగ్గాలు పెట్టి నూలు చీరలు నేయించే మనిషి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, పెద్ద గొంతు. కొత్త రకాల చీరలు ఊరూరా అంగళ్ల వాళ్లకు చూపించడానికి ఒక ఆల్బమ్ కావాలన్నాడు.

“మద్రాసు నుంచి మాడల్ పిల్ల వస్తాది. ఎల్లాంటి పిల్ల అనుకుంటివి! నువ్వు ఊరికే వచ్చి నొక్కితే సాలమ్మా, ఫోటోలు అవే పడిపోతాయి” అన్నాడు.

నొక్కితే పడిపోతాయట. ఆ మాటకే ఆ పని వద్దని చెప్పి ఉండాల్సింది. కానీ చీరల ఆల్బమ్ అంటే నాకు ఆశ. పెళ్లిసంబంధాల ఫోటోల్లో అమ్మాయి బొమ్మలా కుర్చీలో కూర్చుంటుంది, నేను నొక్కుతాను, అయిపోతుంది. ఇక్కడైతే నిలబెట్టవచ్చు, నడిపించవచ్చు, వెలుతురుతో ఏదన్నా చేయవచ్చు. పైగా మోడల్ అంటే ఆ పని తెలిసిన మనిషి. ఒకసారి చెబితే చాలు. అలా అనుకుని ఒప్పుకున్నాను. స్టూడియోకే రమ్మంటే మాత్రం రానన్నాడు. కొత్త చీరలు గడప దాటితే ఎవరైనా చూసి అచ్చం అలాగే నేసేస్తారని ఆయన భయం. ఫోటోలన్నీ వాళ్లింట్లోనే తీయాలన్నాడు.

రెండు గొడుగు లైట్లు, వాటి స్టాండ్లు, వెనక కట్టే గుడ్డ, ఒక తెల్ల థర్మకోల్ అట్ట, కెమెరా సంచి. ఇవన్నీ వేసుకుని నగరి బస్సెక్కాను. స్టాండ్లు టాపు మీద వేయమని కండక్టరు, వేయనని నేను. వడమాలపేట దాకా ఆ గొడవే. చివరికి ఆ స్టాండ్లను కాళ్ల మధ్య పెట్టుకుని, థర్మకోల్ అట్ట ఎవరి మోచేయీ తగిలి విరక్కుండా చేతులతో అడ్డుపెట్టుకుని, నడుములు పట్టేసి దిగాను.

వాళ్ల ఇల్లు పాతకాలపు ఇల్లు. నడుమ ఆకాశం కనబడే ముంగిలి, చుట్టూ స్తంభాల వసారా. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ ముంగిట్లోకి పడే వెలుతురు ఎంత బాగుందంటే, నా లైట్లు మోసుకొచ్చినందుకు నామీద నాకే కోపం వచ్చింది. కానీ ఇంటి వెనకే మగ్గాల షెడ్డు. ఒకటే మోత. పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి.

మద్రాసు పిల్ల రాలేదు. రైలు దిగుతుందని మనిషిని పంపారు. ఆ మనిషి ఒంటరిగా తిరిగి వచ్చాడు. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి వేరే పనికి పోయిందని చెప్పారట. నేను సామాను సర్దుకోవడం మొదలుపెట్టాను.

“యాడికి పోతావమ్మా? ఇంత దూరం వచ్చినాక?” అన్నాడు వ్యాపారి. “మా కోడలు ఉండాది కదా! ఆ మద్రాసు పిల్లకంటే మా కోడలే బాగుంటాది.”

వద్దంటే వింటేనా. కొడుకు సరుకు వేసుకుని మద్రాసుకు పోయి ఉన్నాడు. కోడలిని అడిగినవాళ్లు లేరు. అత్తగారు లోపలికి పోయి, కాసేపటికి ఆమెను చీర కట్టించి తీసుకొచ్చింది. ఐరాల వైపు రైతుల ఇంటి పిల్ల. చామనఛాయ, పొడగరి, పెద్ద కళ్లు. పెళ్లయి ఏడాది తిరగలేదు. ఆమెను చూడగానే, పనికి వస్తుందనిపించింది. మొహంలో గట్టి ఎముక ఉంది, మెడ పొడుగు. వెలుతురు ఆగే మొహం. ఇక్కడ నాకు అదృష్టం కలిసివచ్చిందనుకున్నాను.

గుడ్డ కట్టాను. గొడుగు లైట్లు రెండు పక్కలా పెట్టాను. ఆమెను నిలబెట్టాను. ఆమె నిలబడింది, రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి, చేతులు రెండూ తొడలకు అంటించి, స్కూల్లో ప్రార్థనకు నిలబడినట్టు. భుజాలు చెవుల దాకా లేచాయి. ఊపిరి బిగబట్టింది. తల ఛాతీకి అతుక్కుంది.

“ఒక కాలి మీద బరువు వేసి, రెండో కాలు వదులుగా పెట్టు” అన్నాను. మగ్గాల మోతలో ఆమెకు వినబడలేదు. ఇంకా గట్టిగా అన్నాను. ఆమె బెదిరింది. నేను అరిచాను. అరిచి ‘వదులుగా ఉండు’ అని చెప్పడం ఎంత తెలివితక్కువ పనో నాకూ తెలుసు. ఏం చేసేది? మెల్లగా చెబితే పెదాలు కదలడం తప్ప ఏమీ తెలియదు.

ఇక వ్యాపారి మొదలుపెట్టాడు. “తల ఎత్తు పాపా! ఇంకా ఎత్తు!” ఆమె తల ఎత్తింది. ఇప్పుడు ఆకాశంలోకి చూస్తోంది. “అంత యాల? రవంత దించు!” దించింది. మళ్లీ నేలచూపు. అత్తగారు మధ్యమధ్య వచ్చి కుచ్చెళ్లు సర్ది, పిన్నీసు పెట్టి పోతోంది. ఒక్కో ఫోటోకు ఒక్కో పిన్నీసు. ఆమె వంటి మీద చీర కాదు, రేకు చుట్టినట్టు ఉంది. పైటకు పిన్ను, కుచ్చెళ్లకు పిన్ను, వీపు మీద పిన్ను. గాలి పీల్చాలంటే కూడా ఆ అమ్మాయికి భయం వేసి ఉండాలి.

“సామీ, మీరు రొంత బయట ఉంటే బాగుంటాది” అన్నాను.

“నా చీరలు, నా ఇల్లు, నేను యాడికి పోవల్లమ్మా?” అన్నాడు. “నువ్వు నీ పని సూసుకో. నవ్వు పాపా! నవ్వు!”

ఆమె నవ్వింది. దాన్ని నవ్వు అనవచ్చో లేదో నాకు తెలియదు. నొక్కాను. మగ్గాలు తిరుగుతున్నాయి గనక కరెంటు పడిపోతూ లేస్తూ ఉంది. లైట్లు ఒకోసారి టక్కున వెలుగుతాయి, ఒకోసారి ఎంత సేపు చూసినా వెలగవు. ఒకదాన్ని వెలిగిస్తే ఇంకొకటి మూతి ముడుచుకుంటుంది. వాటి కోసం అందరం గుడ్లప్పగించి చూస్తుంటే, ఆ కాసేపట్లో ఆమె మొహంలో మిగిలిన ప్రాణం కూడా పోయేది. చీర మార్చడం, మళ్లీ పిన్నులు, మళ్లీ ‘తల ఎత్తు’. మధ్యాహ్నానికి మొదటి రీలు దాదాపు అయిపోయింది. ఒక్క ఫోటో కూడా బాగా వచ్చి ఉండదని డెవలప్ చేయకుండానే తెలుస్తోంది. నాకు ఏడుపొచ్చేంత కోపంగా ఉంది. ఎవరి మీద అని చెప్పలేను. రాని మద్రాసు పిల్ల మీద, ఈ పెద్దమనిషి మీద, పిన్నీసుల డబ్బా మీద, అన్నిటికంటే ఎక్కువగా, ఏమి చెప్పినా కొయ్యబొమ్మలా నిలబడే ఆ అమ్మాయి మీద.

అన్నాలు తిని లేచే సరికి కరెంటు పోయింది. మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. అంతసేపూ ఆ మోతకు అలవాటు పడిన చెవులకు, ఊరంతా ఎవరో దుప్పటి కప్పినట్టు అనిపించింది. నా నెత్తిన నేను కొట్టుకున్నాను. లైట్లు కూడా పోయాయిగా. వ్యాపారి తిట్టుకుంటూ షెడ్డులోకి పోయాడు. అక్కడ నేతగాళ్లను తిట్టడం ఇక్కడిదాకా వినబడింది, కరెంటు తీసేసింది ఆ నేతగాళ్లే అయినట్టు. అత్తగారు కొంగు పరుచుకుని వసారాలో ఒక మూల పడుకుంది.

కోడలు స్తంభానికి ఆనుకుని కూర్చుంది. కూర్చుంటూనే, “అబ్బా” అని వీపు మీది పిన్నీసు తడుముకుంది.

“తీసెయ్” అన్నాను, మామూలు గొంతుతో. ఆ రోజు ఆమెతో మామూలు గొంతుతో నేనన్న మొదటి మాట అదే.

“అత్త తిడతాది.”

“పండుకోనుండాది. తీసెయ్.”

నేనే ఒక్కొక్కటీ తీశాను. చివరి పిన్ను తీసేసరికి ఆమె ఒళ్లంతా వదిలి పెద్ద ఊపిరి తీసింది. భుజాలు కిందికి దిగాయి. పొద్దున్నుంచి నేను అరిచి అరిచి చెప్పినది అదే. ఒక్క క్షణంలో జరిగిపోయింది.

“అక్కా, ఒక మాట అడగనా?” అంది. “నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి తల దించుకో, తల దించుకో అంటా ఉండారు. మామ ఎదురొస్తే దించుకోవల్ల, బయటోళ్లు వస్తే దించుకోవల్ల. ఈ పొద్దు ఏమో తల ఎత్తు, ఇంకా ఎత్తు అంటా ఉండారు. ఎవురి మాట వినేది నేను?”

ఆ మాటకు నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. నిజం నవ్వు. అప్పుడు చూశాను, ఆమెకు ఎడమ చెంపలో సొట్ట పడుతుంది. పొద్దున్నుంచి కెమెరాలోంచి అంత దగ్గరగా చూస్తూ ఉన్నా, ఆ సొట్ట నాకు కనబడలేదు.

మీ ఊళ్లో ఏం చేసేదానివని అడిగాను. చెరకు గానుగ ఆడేటప్పుడు బెల్లం వండే కడాయి దగ్గర కూర్చునేదట. ఇంటర్ చదివిందట. బస్సు కోసం రోడ్డు మీద నిలబడి నిలబడి సగం చదువు అక్కడే అయిపోయిందని చెప్పింది. “బస్సు ఎప్పుడొస్తాదో తెలవదు. ఒక్కోనాడు రానే రాదు. మైలురాయికి ఆనుకోని నిలబడుకోని ఉంటిమి.”

“ఎట్ల నిలబడుకునేదానివి? సూపించు” అన్నాను.

ఆమె లేచి స్తంభానికి ఆనుకుంది. ఒక కాలు నేలమీద, రెండోది వదులుగా వెనక్కి మడిచి స్తంభానికి ఆనించి. నడుము కొంచెం పక్కకు వాలింది. ఒక చెయ్యి కొంగు చివర పట్టుకుని తిప్పుతోంది. తల బస్సు వచ్చే దిక్కుకు తిరిగింది. ఏ మోడల్‌కు నేర్పినా రాని నిలుచుండడం అది.

నేను మాట్లాడుతూనే లేచాను. దండెం మీద ఉతికి ఆరేసిన పంచె ఒకటి ఉంటే తీసి, ముంగిలికి అడ్డంగా రెండు స్తంభాలకు కట్టాను. నిలువుగా పడుతున్న ఎండ ఆ పంచెలోంచి పాలలాగా దిగింది. మొహం మీద వెలుతురు పక్కనుంచి రావాలని మా నాయన చెప్పేవాడు. థర్మకోల్ అట్ట ఆమెకు కుడిపక్కన కుర్చీకి ఆనించాను. దాని మీద పడిన వెలుతురు తిరిగి తగిలి, నీడలో ఉన్న చెంప కొంచెం తేటపడింది. కళ్లల్లో చిన్న తెల్ల చుక్క మెరిసింది. లైట్లు లేవు, గుడ్డ లేదు. వెనకాల పాత గోడ, ఆ గోడకు దూరంగా ఆమె.

“బస్సు వచ్చినాక ఏమి చేస్తావుంటివి?”

“ఎగబడి ఎక్కుతావుంటిమి. ఆ బస్సు కండక్టరుకు మేమంటే బయం” అని ఆమె చెబుతుంటే నేను నొక్కుతున్నాను. ఒకసారి, “కుచ్చెళ్లు జారినట్టుండాయి, సర్దుకో” అన్నాను. చేతికి పని దొరికింది. వేళ్లు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పే అవసరమే రాలేదు. నేను చెప్పింది ఒకటే. గడ్డం రవంత ముందుకు పెట్టి, తర్వాత దించమన్నాను. ఎందుకని అడిగింది. మెడ బాగా కనబడుతుందన్నాను. సరే అని చేసింది. చెప్పింది ఎందుకో తెలిస్తే మనిషి ఎంత సులభంగా చేస్తుందో! పొద్దున్నుంచి ఆమెకు ఎవరూ ఎందుకో చెప్పలేదు.

కరెంటు వచ్చేలోపు ఆమే మార్చి మార్చి కట్టుకుంటే, పొద్దున తీసినవి కూడా కలిపి ఉన్న చీరలన్నీ అయిపోయాయి. మగ్గాలు మళ్లీ మోగడం మొదలైంది. అత్తగారు లేచి వచ్చి, పిన్నులు లేని కోడలిని, కట్టిన పంచెను చూసి, “ఇదేందమ్మా, మా ఆయప్ప పంచె!” అంది. వ్యాపారి పరుగెత్తుకొచ్చి, “లైట్లు లేకుండా యాడన్నా ఫోటో పడతాదా?” అని నాతో వాదానికి దిగాడు. సామాను సర్దుకుని వచ్చేశాను.

ఫోటోలు వచ్చాక మామ, అత్త, కోడలు ముగ్గురూ తిరుపతికి స్టూడియోకి వచ్చారు. ఫోటోలన్నీ బల్ల మీద పరిచాను. వ్యాపారి పొద్దున తీసినవన్నీ ఒక పక్కకు తీశాడు. ఆ కొయ్యబొమ్మవి. “ఇవి బాగుండాయి. చీర అంతా కనపడతా ఉండాది, అంచు కనపడతా ఉండాది. ఇవేంది? పిల్ల ఎటో సూస్తా ఉండాది. సగం మొహం నీడ. ఇవి వద్దు.”

ఓర్చుకుని చెప్పాను. చీరను మనిషి కట్టుకుంటుంది గాని దండెం కాదని, ఆ మనిషి హాయిగా ఉంటేనే చూసేవాళ్లకు ఆ చీర కట్టుకోవాలనిపిస్తుందని. నీడ ఉండబట్టే చీర మడతలు నూలు నేతలాగా మెత్తగా కనబడుతున్నాయని, లైట్ల కింద తీసినవి రేకులాగా ఉన్నాయని. ఆయన వింటూ తల ఊపుతూ ఆ రేకు ఫోటోలనే జాగ్రత్తగా పేర్చుకుంటున్నాడు.

“నీకు తెలవదులేమ్మా. వ్యాపారం వేరే” అన్నాడు.

అప్పటిదాకా గోడ దగ్గర తల దించుకుని నిలబడిన కోడలు మాట్లాడింది. “మామా, అవి పెట్టేటట్టయితే నా ఫోటో ఒక్కటి కూడా పెట్టొద్దండి.”

ఆమె మామ ఎదుట నోరు తెరవడం అదే మొదటిసారి అని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. “ఏమి మాట్లాడతా ఉండావు పాపా?” అన్నాడు.

“అవి సూస్తే నాకే జాలి వేస్తా ఉండాది. ఊరూరా ఆ మొహం సూపిస్తే నాకు సిగ్గు. ఇవి అయితే పెట్టండి.”

అత్తగారు ఏమంటుందోనని చూశాను. ఆమె ఎప్పుడు తీసుకుందో, స్తంభానికి ఆనుకున్న ఫోటోను చేతిలో పట్టుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. “ఇది మనింటి పిల్లేనా? ఇంట్లో ఒక్కనాడు కూడా ఇట్ల నవ్వంగ నేను సూడలే” అంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, “అవి పక్కన పెట్టండి” అంది. ఆ రేకు ఫోటోల కట్టను ఆయన చేతుల్లోంచి తీసుకుని నా బల్ల సొరుగులో తనే వేసింది.

ఆల్బమ్ ఊళ్లు తిరిగింది. స్తంభం దగ్గర నిలబడిన ఫోటోలోని చీర కావాలని అంగళ్ల వాళ్లు అడిగారట. వ్యాపారి ఆ సంగతి చెప్పడానికి వచ్చి, “నేను అప్పుడే అనుకుంటిని, ఈ ఫోటో తిరుగు లేకుండా పోతాదని” అన్నాడు.

మరుసటి ఏడాది మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి మద్రాసు పిల్ల నిజంగానే వచ్చింది. వయసు ఇరవైలోపే ఉంటుంది. తెలుగు అంతంతమాత్రం. పొద్దున్నే రైల్లో వచ్చిందేమో, కళ్లు వాడిపోయాయి. గడప దాటిందో లేదో వ్యాపారి కుర్చీ వేసుకుని ముంగిట్లో కూర్చున్నాడు, ఈసారి చుట్టుపక్కల ఇళ్ల పెద్దమనుషులను కూడా పిలుచుకుని. షూటింగు చూపిస్తానన్నాడట. ఆ పిల్ల వాళ్లను చూసి బిగుసుకుపోవడం నా కళ్లముందే జరిగింది. భుజాలు లేచాయి, ఊపిరి ఆగింది. నాకు తల గోడకు కొట్టుకోవాలనిపించింది. మళ్లీ మొదటికి వచ్చామా అనుకున్నాను.

లోపలి నుంచి కోడలు వచ్చింది. చంకలో చంటిబిడ్డ. మామ ముందు నిలబడి, “మామా, మీరందరూ షెడ్డుకాడికి పోండి. కాపీ ఆడికే పంపిస్తా” అంది. ఆయన ఏదో అనబోయాడు. “మీరు ఈడ ఉంటే ఫోటోలు పోయినసారి పొద్దున తీసినాయి మాదిరి వస్తాయి” అంది. పెద్దమనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని లేచారు. ఆయనా లేచాడు.

ఆమె ఆ మద్రాసు పిల్లను కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టింది. వచ్చీరాని అరవంలో ఏదో అడిగింది. ఆ పిల్ల బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. బిడ్డ ఆ పిల్ల ముక్కు పట్టుకుంటే పక్కున నవ్వింది. వెలుతురు బాగుంది, ఇంకాసేపు ఆలస్యమైతే ఎండ నిలువుగా అయిపోతుంది. నేను కెమెరా పట్టుకుని ఆగలేక, “బిన్నా కానీండమ్మా, వెలుతురు పోతా ఉండాది!” అని ఒక కేక పెట్టాను.

కోడలు నా వైపు తిరిగింది.

“అక్కా, నువ్వు కూడా మా మామ మాదిరే అరస్తా ఉండావు. రొంత సేపు నువ్వూ పోయి షెడ్డుకాడ కూర్చో, పిలస్తా” అంది.

ఎంత పొగరు అనుకున్నాను. నాకే చెబుతుందా అనుకున్నాను. కెమెరా మెడలో వేసుకుని, విసవిసా షెడ్డు దగ్గరికి పోయి, ఆ మోతలో, కాఫీ తాగుతున్న ఆ పెద్దమనుషుల పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.